కీబోర్డు మీద నాలుగు గుండీలు

మాది గుండీల టోకు కొట్టు. ఆర్డర్లన్నీ కంప్యూటర్‌లో వస్తాయి. దాని ముందున్న కుర్చీ పదిహేనేళ్లుగా నాది. నిరుడు కంటి డాక్టరు నా చూపులో నడిమి భాగం మసకబారిందనీ, అద్దాలు పెట్టినా తిరిగిరాదనీ తేల్చేశాడు. నేను లెక్క వేసుకున్నాను: పోయింది ముప్పావు, మిగిలింది పావు. ఉన్న సరుకుతోనే బేరం చెయ్యాలి.

నా భార్య లెక్క వేరు. కొట్టు వాళ్ల నాన్న పెట్టింది. ప్యాకింగూ పెత్తనమూ ఆమెవే. "ఒక్క ఆర్డరు తప్పుగా పోయినా ఆ కుర్చీ మా తమ్ముడిదేనండీ," అంది. ఆ తమ్ముడు అప్పటికే కుర్చీ ఎత్తు సరిచూసుకుంటున్నాడు.

లైబ్రరీలో పనిచేసే నా మేనకోడలు ఒక ఆదివారం వచ్చి నా పక్కన కూర్చుంది.

"మామయ్యా, ముక్కు తీసుకెళ్లి తెరకి ఆనించకు. విండోస్ కీ పట్టుకుని ప్లస్ నొక్కు."

నొక్కాను. అక్షరాలు పూరీల్లా పొంగాయి. ప్లస్ పక్కనే ఉన్న మైనస్‌తో తగ్గాయి. విండోస్, ఎస్కేప్ కలిపి నొక్కితే మామూలు తెర వచ్చేసింది. అక్షరాలు పెద్దవిగా ఉన్నప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఐ మూడూ నొక్కితే తెల్ల తెర నల్లబడి, నల్ల అక్షరాలు తెల్లబడ్డాయి. కళ్లకి ప్రాణం లేచొచ్చింది.

"బాగానే ఉంది గానీ, ఆ కీలు కనబడితే కదమ్మా!"

"కొట్టు నిండా గుండీలు పెట్టుకుని నన్నడుగుతావేంటి?"

నిజమే. విండోస్ కీ మీద పెద్ద కోటు గుండీ అంటించాను. దానికి అటూ ఇటూ ఉన్నవే కంట్రోల్, ఆల్ట్. ప్లస్ మీద రెండు చిల్లుల చొక్కా గుండీ, ఐ మీద నున్నటి ముత్యపు గుండీ, ఎస్కేప్ మీద గుడ్డ గుండీ. చూపు చేసే పని వేళ్లకి అప్పజెప్పాను.

రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో వారం నర్సుల కోట్లు కుట్టే టైలరమ్మ పొట్లంతో సహా వచ్చిపడింది.

"ఏమండీ షావుకారుగారూ, తెల్ల కోటుకి నల్ల గుండీలా? మా నర్సులు లాయర్లనుకున్నారా?"

ఆమె ఫొటో పంపి 'ఇలాంటివే' అని రాసింది. నేను రంగులు తిరగేసిన తెర మీద చూసి, నలుపని రాసుకున్నాను. నా భార్య నల్లవే కట్టింది. తప్పు పూర్తిగా నాదే.

"తమ్ముడూ, కూర్చో," అంది నా భార్య.

బావమరిది కూర్చుని కీబోర్డు తడిమాడు. "ఏంటి బావా, దీనికీ చొక్కా కుట్టించావా?" అంటూ కోటు గుండీ మీద ఒక వేలు అదిమిపెట్టి, చొక్కా గుండీని టకటకా నొక్కాడు. తెర మీద తెరిచి ఉన్న, టైలరమ్మ పంపిన ఫొటో ఉబ్బి ఉబ్బి, తెర నిండా ఒక గుండీ ముక్క నిలిచింది.

"అక్కా, వైరస్! వైర్ పీకెయ్!"

"ఆగరా," అని వెనక నుంచి వంగాను. కోటు గుండీ పట్టుకుని మైనస్ రెండుసార్లు నొక్కాను. గుండీ మొత్తం కనబడింది. తల పక్కకి తిప్పి, మిగిలిన పావుతో నింపాదిగా చూశాను. అంచు చుట్టూ సన్నటి గాడి ఉంది.

నా భార్య మార్చి ఇవ్వడానికి అప్పటికే కట్టిన తెల్ల గుండీల పొట్లంలో చెయ్యి పెట్టాను. అన్నీ నునుపే.

"అమ్మా, మీకు గాడి ఉన్నవి కావాలి కదా?"

"అవునండీ! ఇప్పుడు మీరు చూడకపోతే మళ్లీ రావాల్సొచ్చేది," అంది టైలరమ్మ.

నా భార్య పొట్లం వంక, తెర వంక, తమ్ముడి వంక చూసింది.

"లే," అంది వాడితో. తరవాత నాతో, "రంగు మాత్రం నన్నడిగి రాయండి. మిగతాదంతా మీరే చూసుకోండి."

మంచి బేరమే. ఒప్పేసుకుని కూర్చున్నాను. కుర్చీ మరీ ఎత్తుగా ఉంది, దించుకున్నాను.