తిట్టే మనిషి

ఏం శిక్షణో ఏమో గానీ, మూడు రోజులు కుర్చీల్లో కూర్చోబెట్టి నడుములు విరగ్గొట్టారు. దంత పరిశుభ్రత కోర్సులు నడిపే డైరెక్టర్లందరికీ నాయకత్వం నేర్పుతారట! పాతికేళ్లు విద్యార్థుల చేత పళ్ల మీద గార గీకించిన తనకి కొత్తగా నేర్పేదేముందని డైరెక్టరమ్మ మూతి ముడుచుకునే కూర్చుంది. ఆ పదవి వచ్చి ఆర్నెల్లయింది.

చివరి రోజు శిక్షకుడు ఒక్క మాట అడిగాడు.

"మీ తప్పు మీ మొహం మీదే చెప్పే మనిషి మీ కాలేజీలో ఒక్కరైనా ఉన్నారా? వెళ్లాక చూసుకోండి."

మిగతావాళ్లు దిక్కులు చూశారు. ఈవిడ మాత్రం నవ్వుకుంది. తనకు తుపాకి ఉంది కదా! తుపాకి అంటే క్లినిక్‌లో పని నేర్పే టీచరు. నోరు తెరిస్తే పేలుతుందని చదువుకునే రోజుల్లోనే పెట్టిన పేరు. అప్పట్లో ఇద్దరూ ఒకే క్లాసు, ఒకరి నోట్లో ఒకరు చెయ్యి పెట్టి పని నేర్చుకున్నారు. ఇప్పటికీ ఆర్నెల్లకోసారి ఒకరి పళ్లు ఒకరు శుభ్రం చేసుకుంటారు. చేస్తున్నంతసేపూ తుపాకి ఏకిపారేస్తుంది. "పళ్ల సందుల్లో దారం వాడమని లోకమంతా చెప్తావు, నీ నోరేమో చెత్తకుండీ! సిగ్గు లేదుటే?" ఆ తిట్లు పడందే ఈవిడకి నోరు శుభ్రమైనట్టే ఉండదు.

ఈ ఆర్నెల్లలో భోజనానికి రమ్మని ఎవరూ పిలవలేదు. స్టాఫ్‌రూంలో అడుగు పెడితే నవ్వులు ఠక్కున ఆగిపోయేవి. తుపాకికి కూడా ఎప్పుడు చూసినా పని తెమలడం లేదట. ఆ ఒక్కతైనా మిగిలిందో లేదో తేల్చుకుందామని ఈవిడ పదిరోజులు దారం ముట్టుకోలేదు. పళ్లు బాగు చేసే మనిషి చెయ్యాల్సిన పనా అది! చేసింది మరి.

అనుకున్న రోజు కుర్చీలో వాలి నోరు తెరిచింది. పనిముట్టు తగలగానే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. తిట్టు కోసం కళ్లు మూసుకుంది. తుపాకి ఎర్రబడ్డ దూదిని గుప్పిట్లో దాచి, చెత్తబుట్టలో వేసి, ఇంకోటి తీసింది.

"ఎలా ఉన్నాయే?"

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ."

"రక్తం కారుతుంటే కనపడలేదా? నీ పుణ్యముంటుంది, తిట్టవే!"

తుపాకి గ్లౌజులు విప్పుతూ తల దించుకుంది.

"నా పనితీరు రిపోర్టు మీద సంతకం పెట్టేది మీరు. మీరంటే నాకు భయమేస్తోంది. ఇకమీదట పళ్లు ఇంకెవరి చేతైనా చేయించుకోండి మేడమ్."

ఆర్నెల్లలో ఎవరైనా తన మొహం మీద నిజం చెప్పడం అదే మొదలు. డైరెక్టరమ్మ గ్లాసు అందుకుని, రక్తం పోయేదాకా పుక్కిలించింది.