గుప్పెడు బియ్యం

బియ్యం కడిగే ముందు గుప్పెడు తీసి పొయ్యి పక్కనున్న కుండలో వేయాలి. అది దేవునిది. ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చిన మొదటి రోజు మా అత్త మణెమ్మ నాకు నేర్పిన పని ఇదే. కోత పండుగ నాటికి అందరి ఇళ్ల కుండలూ చర్చికి చేరతాయి. అప్పుడు స్త్రీల సమాజం నివేదిక చదువుతారు, జయరాజు గారి బియ్యం ఇంత, సామ్యేలు గారి బియ్యం ఇంత అని. జయరాజు నా మొగుడు, బడిపంతులు. ఆయన చెయ్యి ఆ కుండ మూత ఒక్కనాడూ తీయలేదు. అందులో వింతేమీ ఉన్నట్టు నాకూ తోచలేదు.

నంద్యాల కాలేజీలో బి.ఏ.కు చేరాక తోచింది. రేపు ఇంకో జీతం వస్తుందని ఆయనే చేర్పించాడు, తన మంచితనం గురించి ఊరంతా చెప్పుకున్నాడు. నేను తెల్లారకముందే ఊడ్చి, వండి, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, జడ బస్సులో అల్లుకుంటూ పోయేదాన్ని. ఒకనాడు తెలుగు చెప్పే యశోదమ్మ మేడం, నిన్న మీ చేతులు ఏమేం చేశాయో రాయండి అంది. మగపిల్లలు అర పేజీకే ఆగిపోయి గోళ్లు కొరుక్కుంటున్నారు. నాకేమో కాగితాలు చాలక పక్కమ్మాయిని అడగాల్సి వచ్చింది. రాసింది చదువుకుంటే ఏడుపు రావాలి గదా, నవ్వొచ్చింది. ఓరి దేవుడా, ఇంత మనిషినా నేను అనుకున్నాను. ఇక అదొక రోగంలా పట్టుకుంది. ఎక్కడికి పోయినా మనుషుల చేతులే చూసేదాన్ని. బస్సు కండక్టరు చేతులు, మహానందికి పోయే ముసలమ్మల చేతులు, మా అత్త చేతులు. ఇంటికొస్తే మా ఆయన చేతులు రేడియో తిప్పుతుండేవి.

సమాజం నివేదిక ప్రతి యేడూ ఆయనే రాసేవాడు. ఎనభైలో బద్ధకించి రాసేదీ చదివేదీ నా మీదికి తోశాడు, పోయిన యేటిది చూసి దించమన్నాడు. నేను ఆడవాళ్ల దగ్గర కూర్చుని అడిగి అడిగి రాశాను. పండుగ పొద్దున అది చూసి ఆయన మొహం మాడిపోయింది.

"ఇది సదివినావంటే రేపట్నుంచి బస్సెక్కేది లేదు. కాలేజీ ఈడితో సరి."

చర్చిలో లేచి నిలబడ్డాను. కాలేజీ పోతుందంటే ప్రాణం పోయినట్టే ఉంది. ఎదురుగా చాపల మీద ఆడవాళ్లు, ఏ మొగుడి తర్వాత ఏ మొగుడి పేరు వస్తుందో ముందే తెలిసినవాళ్లలా కొంగులు సర్దుకుంటున్నారు. నాకు మళ్లీ వాళ్ల చేతులే కనిపించాయి. చదివేశాను. కరువొచ్చిన యేడు పిల్లలకు గంజి పోసి తాను నీళ్లు తాగి పడుకున్న రోజు కూడా మణెమ్మ చెయ్యి కుండలో గుప్పెడు వేసిందని. రూతు చెయ్యి చలిజ్వరంలో వణుకుతూ వేసిందని. బిడ్డను చంకనేసుకుని దెబోరా ఎడమ చేత్తో వేసిందని. రూతు కిసుక్కున నవ్వింది, దెబోరా కళ్లు తుడుచుకుంది, వెనక నుంచి ఒకామె నాది రాయలేదేందే అని తగవుకే వచ్చింది. ప్రార్థన చేయించే అయ్యగారు కూడా నవ్వాడు. మా అత్త మాత్రం తన అరచెయ్యి తిప్పి చూసుకుంటూ కూర్చుంది. నాకు ఒళ్లంతా సంతోషం.

మర్నాడు పొద్దున పుస్తకాలు ముట్టుకోవాలో వద్దో తెలియక గడపలో నిలబడ్డాను. ఆయన రేడియో దగ్గర కూర్చున్నాడు, నా వైపు చూడలేదు. అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి రేడియో కట్టేసింది. బియ్యం చేట కొడుకు ఒళ్లో పెట్టింది.

"అది బస్సుకు పోతాంది. నువ్వు బియ్యం కడుగు నాయనా. ముందు గుప్పెడు తీసి కుండలో ఎయ్యి. ఇన్నేండ్లు నీ పేరు ఊరికే సదివిరి."

ఆయన వాళ్లమ్మను చూశాడు, నన్ను చూశాడు. నేను ఆగలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తీరిగ్గా జడ అల్లుకున్నాను.

మరుసటి యేడు నివేదికలో ఒకే ఒక్క మగవాడి చెయ్యి గురించి రాశాను. అది చదువుతుంటే అందరికంటే ముందు నవ్వింది మా అత్త.