బుధవారం పుడ్డింగు

బెర్తా హాస్లమ్ బొటనవేలి రుచి తెలియని పిల్ల ఆ వీధిలో లేదు. శుక్రవారం సాయంత్రం స్నానాలయ్యి, తలలు దువ్వడం అయ్యాక, ఆ వేలు ఒకసారి తేనెలో, ఒకసారి తెల్లపొడిలో మునిగి నేరుగా పసినోట్లోకి వెళ్ళేది. పళ్ళొస్తున్న పిల్లలకి పళ్ళపొడి, తోముకునేది కాదు, నొప్పి తగ్గి కడుపు కదలడానికి నాకించేది. ఇంకా రాని పిల్లలకీ పళ్ళపొడే, ఎప్పటికైనా వస్తాయి కదా! మందుల దుకాణంలో ఒకేసారి బోలెడు కొని తెచ్చి వీధి మొత్తానికీ తనే పంచేది. అది నూలు మిల్లుల ఊరు. తల్లులు తెల్లారేసరికి పిల్లల్ని అమ్మమ్మలకి అప్పగించి మగ్గాల దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. పిల్ల ఏడవకుండా, కడుపు సాఫీగా ఉంటే అంతకంటే ఏం కావాలి? అందుకే ఆ వీధిలో పాదిరిగారి మాటకన్నా బెర్తా మాటకే విలువెక్కువ. ఆ సంగతి పాదిరిగారికీ తెలుసు పాపం.

అలాంటి బెర్తా సొంత మనవరాలికే జబ్బు చేసింది. మావిస్‌కి ఏడాది దాటింది. చలికాలం దాకా బొద్దుగా, అందరినీ చూసి కిలకిలా నవ్విన పిల్ల. తర్వాత చేతులూ పాదాలూ గులాబీరంగుకి తిరిగాయి. చర్మం పొరలు పొరలుగా ఊడటం మొదలైంది. ఎప్పుడు చూసినా ఒళ్ళంతా చెమటే. వెలుతురు చూడలేక తల దిండులో దూర్చి, పిర్రలు పైకెత్తి పడుకునేది. నిద్ర లేదు, తిండి లేదు. నిలబడటం నేర్చిన కాళ్ళు నిలబడటం మానేశాయి. ముట్టుకుంటే ఏడుపు, ముట్టుకోకపోతే ఏడుపు.

"పళ్ళే," అని తేల్చేసింది బెర్తా. "కోరపళ్ళు మరి! మాటలా?"

పిల్ల ఏడ్చినప్పుడల్లా పొడి పెట్టింది. పొడి పెట్టినకొద్దీ పిల్ల ఏడ్చింది. శుక్రవారం పొడి కాస్తా రోజువారీ పొడి అయింది.

మావిస్ తల్లి, బెర్తా కూతురు ఎల్సీ ఇక ఆవిడ మాట వినక డాక్టరుని పిలిపించింది. మీసం ఇంకా సరిగ్గా మొలవని కుర్రాడు. పిల్లని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని గులాబీ జబ్బంటారండీ. ఎందుకొస్తుందో ఎవరికీ తెలీదు. పాలు, కాలేయం పెట్టండి, ఇంకేమీ పెట్టకండి. సముద్రపు గాలి మంచిది," అన్నాడు.

"ఎందుకొస్తుందో తెలీదా? అది నాకూ తెలీదు. ఆ మాట చెప్పడానికి ఆయనకి ఫీజెందుకో!" అంది బెర్తా, ఆయన ఇంకా గుమ్మం దాటకముందే.

ఎల్సీ తలుపు మూసి తల్లి ఎదురుగా నిలబడింది. "అమ్మా, సరిగ్గా విను. డాక్టరు చెప్పింది తప్ప ఇంకేదైనా దీని నోట్లో పెట్టావని తెలిసిందో, ఆ రోజే తీసుకెళ్ళి హెరాల్డ్ వాళ్ళమ్మ దగ్గర వదిలేస్తాను."

హెరాల్డ్ తల్లి పక్క ఊళ్ళో పిల్లులతో కాపురం చేస్తుంది. "ఆవిడ దగ్గరా! ఆ ఇంట్లో పిల్లులు బల్లెక్కి కంచాల్లో తింటాయే!" అంది బెర్తా.

"పిల్లులు పొడులు పెట్టవు," అంది ఎల్సీ.

అల్లుడు హెరాల్డ్ తన తల్లి గురించి జరుగుతున్న ఈ చర్చ వినపడనట్టు పేపరు వెనకాల దాక్కున్నాడు. తెలివైనవాడు.

బెర్తా సరేనంది. అని, ఆ సాయంత్రమే పొట్లాలన్నీ విప్పి, కేకుల మీద చల్లే మెత్తటి పంచదార ఉండే ఐసింగ్ షుగర్ డబ్బాలో పోసి, ఎల్సీ మిల్లుకి వెళ్ళగానే పిల్లకి పెడుతూ వచ్చింది. మొండితనం కాదది, భయం. ఎల్సీ కన్నా ముందు ఆమెకి ఒక మగపిల్లాడు, ఆల్బర్ట్. పళ్ళొచ్చే వయసులో ఫిట్స్ వచ్చి పోయాడు. అప్పుడు ఇంట్లో పొడి లేదు. ఆ తర్వాత ఆమె ఇంట్లో పొడి లేని రోజు లేదు. మావిస్ కూడా పొడి లేకే పోతుందేమోనని ఆమెకి ప్రాణం కొట్టుకుపోతోంది.

జులైలో మిల్లులన్నీ రెండు వారాలపాటు మూసేశారు. అందులో మొదటి వారం ఊళ్ళో పొయ్యి వెలగదు, పొగ లేవదు, ఊరికి ఊరే సముద్రం ఒడ్డుకి వెళ్ళే బ్లాక్‌పూల్ రైలెక్కుతుంది. ఊరు మారినా పొరుగు మారదు. వీధిలో పక్కింటివాళ్ళే అక్కడా పక్క గదిలో దిగుతారు. వీళ్ళ వీధి ఏటా దిగేది గదులు అద్దెకిచ్చే మిసెస్ థ్రెల్ఫాల్ ఇంట్లో. ఎవరి తిండి సామాను వాళ్ళు పెట్టెలో తెచ్చుకోవాలి, ఆవిడ వండి పెడుతుంది. ఉప్పు, మిరియాలు ఆవిడవి వాడుకుంటే దానికి విడిగా డబ్బు.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి పెట్టెలు లాక్కుంది. "తినే వస్తువులు గదుల్లో ఉండకూడదు. ఎలుకలు."

"ఎలుకలున్నాయా?" అన్నాడు హెరాల్డ్.

"లేవు. ఈ రూలు వల్లే లేవు."

"ఆ చిన్న డబ్బా మాత్రం నా దగ్గరుంచుకుంటానండీ," అంది బెర్తా.

ఎల్సీ వెనక్కి తిరిగింది. "ఐసింగ్ షుగరా? గదిలో కేకు చేస్తావా అమ్మా?"

బెర్తా డబ్బా మీంచి చెయ్యి తీసేసింది. డబ్బా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వంటింట్లోకి బసవాళ్ళెవరూ రాకూడదు. అది ఇంకో రూలు.

ఇక చూడండి బెర్తా అవస్థ. వేడినీళ్ళ కోసమని వెళ్ళింది. నీళ్ళు గుమ్మం దగ్గరికే వచ్చాయి. కళ్ళు తిరుగుతున్నాయని గుమ్మంలో కూలబడింది. మిసెస్ థ్రెల్ఫాల్ ఒక కుర్చీ తెచ్చి ఆవిడని హాల్లో కూర్చోబెట్టింది. పెరటి కిటికీ ఎక్కబోతే పక్కింటి కుక్క ఊరుకోలేదు. పై గదిలో దిగిన పొరుగింటి క్లారా దగ్గర పొడి ఉంది, తన కొడుకు రోనీకి రోజూ పెడుతూనే ఉంది. కానీ క్లారాని అడగడమంటే ఎల్సీకి చెప్పడమే. క్లారాకి ఒక మాట చెబితే ట్రాముకన్నా ముందు ఊరు చుట్టొస్తుంది.

అలా శని, ఆది, సోమ, మంగళవారాలు గడిచాయి. మావిస్ నోట్లో పొడి పడలేదు. బెర్తా మాత్రం ప్రతి పొద్దునా పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేది.

బుధవారం మధ్యాహ్నం మిసెస్ థ్రెల్ఫాల్ అందరికీ ఉచితంగా పుడ్డింగు పెడుతుంది. ఏటా పెడుతుంది. అందులో గుడ్లు ఒకరివి, వెన్న ఒకరిది, జాము ఇంకొకరిదని అందరికీ తెలుసు. ఎవరి సామాను వాళ్ళకే పెట్టి థాంక్స్ చెప్పించుకునే మహాతల్లి ఆవిడ. ఈసారి జాము చుట్టిన పెద్ద పుడ్డింగు మీద మంచు కురిసినట్టు తెల్లటి పొడి చల్లి మరీ తెచ్చింది. అందరూ "ఆహా" అన్నారు.

బెర్తాకి ఆ తెలుపు ఎక్కడో చూసినట్టనిపించింది. వంటింటి తలుపు సందులోంచి చూస్తే బల్ల మీద ఐసింగ్ షుగర్ డబ్బా బోర్లా పడి ఉంది.

చెప్పాలా? చెబితే ఎల్సీ వింటుంది. మావిస్ పిల్లుల పాలవుతుంది. అయినా చెప్పడానికి ఏముంది? పసిపిల్లలు తినేదే కదా. పిల్లలకి మంచి చేసేది ఇంతింత లావు మనుషుల్ని ఏం చేస్తుంది? అలా మనసుకి సర్దిచెప్పుకుని, తన కంచంలోది చివరి ముక్క దాకా తిని, హెరాల్డ్ వదిలేసింది కూడా తినేసింది.

సాయంత్రం టీ వేళకి మొదట హెరాల్డ్ లేచాడు. "ఇప్పుడే వస్తా," అన్నాడు. రాలేదు. తర్వాత క్లారా మామగారు లేచారు. ఆ ఇంటికంతటికీ పెరట్లో ఒక్కటే పాయిఖానా. కాసేపటికి దాని ముందు వీధి వీధంతా వరసలో నిలబడి ఉంది, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతూ.

"లోపల ఎవరండీ? నిద్రపోయారా?"

"నేనే. మళ్ళీ నేనే."

"హెరాల్డూ, బయటికి రారా నాయనా, నీకు దణ్ణం పెడతా!"

సహనం నశించినవాళ్ళు సముద్రం ఒడ్డున ఉన్న పబ్లిక్ పాయిఖానాలకి పరుగులు తీశారు. పాపం క్లారా అయితే కొత్త గౌను వేసుకుని డాన్సు హాలుకి వెళ్ళింది. అక్కడ ఏం జరిగిందో ఆ వారం ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పటిదాకా ఆమె చెప్పకుండా దాచిన సంగతి అదొక్కటే. గౌను మాత్రం మళ్ళీ ఎవరూ చూడలేదు. మిసెస్ థ్రెల్ఫాల్ కూడా గిన్నె నాకిందేమో, పెరట్లో వరసలో అందరికన్నా ముందు నిలబడి, ఇల్లు తనదన్న రూలు చదివింది.

బెర్తా గదిలో మంచం పట్టుకుని ముడుచుకుపోయింది. కడుపులో పేగులు మెలిపెడుతున్నాయి. ఒంటినిండా చెమట. నోట్లో ఇనుము నాకినట్టుంది, చొంగ కారుతోంది. వెలుతురు కంట్లో పడితే చిరాకు, ఎల్సీ వచ్చి చెయ్యేస్తే చిరాకు. "ముట్టుకోకే, వదిలెయ్!" అని అరిచి, తల దిండులో దూర్చింది.

దూర్చి, అలాగే ఉండిపోయింది. దిండులో తల దూర్చుకుని పడుకునేది ఎవరో ఆమెకి బాగా తెలుసు.

మెల్లగా తల తిప్పి చూసింది. ఇల్లంతా మూలుగుతుంటే, పుడ్డింగు పెట్టని మావిస్ ఒక్కతే హాయిగా నిద్రపోతోంది. వెల్లకిలా, మొహం కిటికీవైపు పెట్టి. నుదురు పొడిగా ఉంది. చేతులింకా గులాబీరంగులోనే ఉన్నాయి కానీ పిడికిళ్ళు విడిచింది. ఎన్ని నెలలైంది ఈ పిల్ల ఇలా పడుకుని!

"నాకు ఒక్క పూటకే ఇలా ఉంది," అనుకుంది బెర్తా. "నా తల్లికి రోజూ పెట్టానే. నా చేత్తోనే పెట్టానే." ఆ పూట ఆమె ఏడ్చిన ఏడుపు కడుపునొప్పిదే అనుకున్నారందరూ.

శనివారం తిరుగు ప్రయాణానికి ముందు మావిస్ ఒడ్డున గాడిదని చూసి చెయ్యి చాపింది. ఎల్సీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సముద్రపు గాలి!" అన్నారు అందరూ. అదే గాలి పీల్చిన రోనీ తల్లి భుజం మీద చెమటలు కక్కుతూ గీ పెడుతున్నాడు. వాడి అరచేతులు ఎర్రగా ఉన్నాయి. ఎండ అంది క్లారా. అప్పుడు వర్షం పడుతోంది.

ఆ తర్వాతి శుక్రవారం ఆడవాళ్ళందరూ బయట మెట్లు తోముతున్నారు. మెట్టు తెల్లగా లేని ఇంటికి ఆ వీధిలో పరువుండదు. బెర్తా తన మెట్టు మీద మావిస్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చేతులు తోముతున్నా నోళ్ళు మిసెస్ థ్రెల్ఫాల్‌ని తోముతున్నాయి. ఆ కుళ్ళిన గుడ్ల ముండ ఇంటికి ఈ జన్మలో వెళ్ళమని ఒట్లు కూడా అయ్యాయి. అప్పుడొచ్చింది క్లారా, చంకలో రోనీ, చేతిలో సాసరు.

"బెర్తా పిన్నీ, పొడి అయిపోయింది. రెట్టింపు పెట్టు ఈసారి. వీడికి అసలు నిద్రే లేదు."

బెర్తా రోనీ చేతులు చూసింది. తలుపు సందులోంచి లోపల ఎల్సీ ఇస్త్రీ చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఒళ్ళో మావిస్ ఆమె గౌను గుండీ పట్టుకుని లాగుతోంది. నిజం చెబితే ఈ పట్టు ఇంకో నిమిషంలో ఉండదు. వెళ్ళి పిల్లుల మధ్య కూర్చుంటుంది నా బంగారు తల్లి. పోనీ, రేపు చెబితే? రేపటికి రోనీ ఇంకో వేలెడు నాకుతాడు.

"లేదు," అంది బెర్తా. "ఇక ఇవ్వను. నువ్వూ పెట్టకు. ఎవరూ పెట్టకండి."

"అదేంటి పిన్నీ? నువ్వేగా..."

"నేనే. వీధిలో అందరికీ పెట్టింది నేనే. నా మనవరాలికి, వద్దన్నా దొంగచాటుగా పెట్టింది నేనే. బ్లాక్‌పూల్లో దొరక్క మానేస్తే బాగుపడుతోంది. గాలీ కాదు, గాడిదా కాదు."

"డాక్టరుగారు గాలే అన్నారుగా?"

"ఆయనకి పుడ్డింగు సంగతి తెలీదు!" అని అరిచింది బెర్తా. "ఆ పుడ్డింగు మీదున్నది పంచదార కాదే! నా పొడి. డబ్బాడు పొడి. గుడ్లు మంచివే."

తోముడు రాళ్ళు ఆగిపోయాయి. వీధి మొత్తం ఒక్కసారిగా బెర్తా వైపు తిరిగింది.

"నా కొత్త గౌను!" అంది క్లారా.

"మా ఆయన రెండు రోజులు కూర్చోలేకపోయాడు!"

"తెలిసీ తిననిచ్చావుటే, పాపిష్టిదానా?"

"నేనూ తిన్నాను కదే! హెరాల్డ్‌ది కూడా తిన్నాను!"

"డాన్సు హాలు మధ్యలో పిన్నీ! దీపాల కింద! ఆ బ్యాండు వాళ్ళందరూ చూస్తుండగా..." క్లారా గొంతు చించుకుంటోంది. "ఒక్క చెంచాడు పొడికి నేను చచ్చి బతికాను, నాలాంటి దిట్టమైన మనిషిని, అలాంటిది..."

అక్కడ ఆగిపోయింది. చంకలో రోనీని చూసింది. వాడి చేయి తీసి, విప్పి, చాలాసేపు చూసింది. తర్వాత సాసరు బెర్తా మెట్టు మీద పెట్టేసి, పిల్లాణ్ణి రెండు చేతులా గుండెకి హత్తుకుని, ఇంకొక్క మాట కూడా అనకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. క్లారా మాట్లాడకుండా వెళ్ళడం చూసి మిగతావాళ్ళ నోళ్ళూ పడిపోయాయి.

లోపల ఇస్త్రీ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. ఎల్సీ గుమ్మంలోకి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. వంగి మావిస్‌ని తల్లి ఒళ్ళోంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. బెర్తా ఒళ్ళు ఖాళీ అయిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుంది.

లోపల హెరాల్డ్ గొంతు వినిపించింది. "మా అమ్మకి కబురు పెట్టనా?"

"మీ అమ్మా? ఆ పిల్లుల మధ్యా?" అంది ఎల్సీ. "మీరు కాసేపు పేపరు చదువుకోండి."

బెర్తా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. అడుగుల చప్పుడైంది. ఎల్సీ ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, ఇంకో చేత్తో నీళ్ళ బేసిన్ మోసుకుంటూ వచ్చింది. బేసిన్ మెట్టు మీద దింపింది. అందులో ఎర్ర సబ్బు, నేల తోమే బ్రష్షు.

"సోమవారం మిల్లు తెరుస్తున్నారు," అంది ఎల్సీ, తల్లి మొహంలోకి చూడకుండా. "పొద్దున్నే పోవాలి. పిల్లని చూసుకునేవాళ్ళు కావాలి."

"ఎల్సీ, నా తల్లీ..."

"ముందు ఆ బొటనవేలు తోముకో."

బెర్తా తోమింది. వీధి వీధంతా చూస్తుండగా, మెట్టు తోమినట్టు, చర్మం మండిపోయేదాకా తోమింది. ఎల్సీ వంగి ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకోసారి," అంది.

ఇంకోసారి తోమింది.