ముసురులో చప్పరింపు

నాలుగు రోజుల ముసురు ఆ ఉదయం కూడా వదల్లేదు. ఆకాశం నానిన గోనెసంచిలా కిందికి వేలాడుతోంది. కొట్లో చీకటి. పొద్దున్నే కత్తిరింపు బల్ల మీది లైటు వేశాను.

కోటు గుడ్డ మీద సుద్దగీత గీసి కత్తెర పెట్టానో లేదో, వెనక నుంచి చుక్, చుక్, చుక్. ఎదుటివాడి పని చెడుతుంటే జాలిపడి నాలుక చప్పరిస్తారే, అదే.

తిరిగి చూస్తే మా బావమరిది మిషన్ మీద తల వంచుకొని కూర్చున్నాడు. నంగనాచి.

ముసురు పట్టినప్పటి నుంచీ ఇదే వరస. ఈమధ్య నా కుడిచెయ్యి కాస్త వణుకుతోంది. ఇంట్లో ఆవిడకు కూడా చెప్పలేదు. వీడు కనిపెట్టాడన్నమాట. పదకొండేళ్లుగా కత్తిరింపు నాది, కుట్టు వాడిది. మా పనిలో కత్తెర పట్టినవాడిదే కొట్టు. నన్ను తప్పించి బల్ల దగ్గర తాను నిలబడాలని చూస్తున్నాడు.

"ఏంట్రా అంటున్నావు?"

"నేనా? మీ దగ్గర నాకు మాటలు కూడానా బావా?"

మళ్లీ కత్తెర పెట్టాను. మళ్లీ చుక్ చుక్. చెయ్యి జారింది. గీతకు గింజంత అవతల తెగింది.

"నోరు మూసుకొని కుడతావా, మీ అక్కతో చెప్పి ఇవాళే పంపించెయ్యనా?"

వాడు మిషన్ ఆపాడు. "పంపాలనుంటే పంపండి. మధ్యలో అక్కెందుకు?"

తన చిన్న కత్తెర గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. చేతిలో ఉన్న చొక్కా ముగించి పోతానన్నాడు. నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకొని చొక్కా చెయ్యి అతకసాగాడు. నేను వాడి మూతినే చూస్తూ నిలబడ్డాను.

చుక్, చుక్, చుక్.

సూదులు కదల్లేదు. నోట్లో సూదులున్నవాడు నాలుక ఆడించలేడు. ఒకసారి మింగబోయిన నాకు ఆ సంగతి బాగా తెలుసు.

తలెత్తాను. లైటు పక్కన గోడ మీద బల్లి. తోక కొస ఆడుతోంది. గొంతు ఉబ్బి దిగినప్పుడల్లా చప్పుడు వస్తోంది. జానెడు దూరం నుంచి ఇంకో మగబల్లి, లైటుకు మూగిన పురుగుల మీదికి పాకుతోంది. ఇది నా చోటు, రావద్దని మొదటిది అరిచింది. రెండోది కాస్త ఆగి వెనక్కి మళ్లింది. ముసురు పట్టాక ఆ లైటు వేసేది నేను కత్తిరించేటప్పుడే. పురుగులూ అప్పుడే, వాటి తగువూ అప్పుడే.

"బల్లి అని నీకు తెలుసా?"

వాడు సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చాడు. "మొదటిరోజే చూశా."

"చెప్పలేదేం?"

"మీరు గోడవైపు చూస్తేగా. చెబితే మాత్రం నమ్మేవారా?"

నమ్మేవాణ్ని కాదు. ఇప్పుడు కూడా ఒక అనుమానం తీరలేదు.

"నా చెయ్యి కూడా చూశావా?"

"మూడు నెలలైంది. మీరు ఎక్కడ తప్పు కోసినా కుట్టులో సర్దేస్తున్నాగా."

మధ్యాహ్నం కావస్తోంది. పెద్ద కత్తెర పిడి వాడివైపు తిప్పి జరిపాను.

"ఈ కోటు నువ్వు కత్తిరించు."

వాడు కత్తెర తీసుకొని, కోటు గుడ్డ మడిచి, ఆ మడత మీద కత్తెర పెట్టాడు.

"తిన్నాక చూద్దాం బావా."

క్యారియర్ విప్పి రెండు పళ్లాల్లో వడ్డించాడు. బల్లకు చెరోవైపు కూర్చున్నాం. గోడ మీద మళ్లీ చుక్ చుక్ మంటే, ఈసారి ఇద్దరం అటే తలెత్తి చూశాం.