మూడు వందల గ్రాములు

పోటీ బరువు యాభై కిలోలు. తూకానికి గంట ఉందనగా, కుస్తీకి దిగే పదహారేళ్ల చిన్నది ఇంకా మూడు వందల గ్రాములు ఎక్కువే తూగింది. కోచ్ హోటల్ బాత్రూంలో ఆవిరి పట్టేలా వేడినీళ్ల కుళాయి తిప్పి, ఆ పిల్లకి ప్లాస్టిక్ కోటు తొడిగి, లోపలుంచి బయట గడియ పెట్టాడు. ఆయన సొంత మావయ్యే, కాబట్టి మొరపెట్టుకోవడానికి వేరే మనిషి లేడు.

రెండు రోజులు నీళ్లు మానేస్తే రెండు కిలోలు దిగాయి. జుట్టు కత్తిరిస్తే వంద గ్రాములు. ఒంట్లో వదులుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

"మావయ్యా, చెమట ఆగిపోయింది. కళ్లు తిరుగుతున్నాయి."

"పోయినేడు ఇదే బరువుకి దిగినదానివి, ఇప్పుడేమొచ్చిందే? పై బరువులో మీ అక్కుంది. క్లబ్బుకి బరువుకొక్కరే. అక్కడికెళ్లి చప్పట్లు కొడతావా?"

పోయినేటికీ ఇప్పటికీ రెండంగుళాలు పెరిగింది. పెరిగిన ఎముక చెమటకి కరుగుతుందా?

ఆయన కిందికెళ్లగానే గడియ తీసి అక్క లోపలికొచ్చింది, చేతిలో నీళ్ల సీసాతో.

"తాగు. మోకాలు నొప్పని నేను తప్పుకుంటా. తూకం దాకా ఏ బరువులో ఎవరనేది మార్చుకోవచ్చు, నా బరువులో నువ్వు దిగు."

"నిజంగానా?"

"ముందు గొంతు తడుపుకోవే మొద్దూ!"

చిన్నది గుక్కెడు నోట్లో పోసుకుంది. ప్రాణం లేచొచ్చింది. కానీ మింగబోతే గొంతు తెరుచుకోలేదు. మావయ్య మూడేళ్లుగా మప్పిన గ్రాముల లెక్క అక్కడ అడ్డం కూర్చుంది. వంగి, ఆ నీళ్లు చుక్క మిగలకుండా ఉమ్మేసింది.

"అక్కా, తూకానికి ఇంకెంత టైముంది?" అంది.