రైలు గేటు దగ్గర తెరుచుకోని తలుపు

నేను ఒక ఎర్ర స్పోర్ట్స్ కారుని. సీట్లు రెండే, ఎత్తు మనిషి నడుము దాకా, పొగరు మాత్రం ఆకాశమంత. ఇంగ్లీషు సీమలో పుట్టి ఓడలో మద్రాసు చేరాను. మొదట ఒక దొర నడిపాడు. తర్వాత గుంటూరు పొగాకు వ్యాపారి ఒకాయన కొని, కాళ్ళు పట్టక అమ్మేశాడు. చివరికి బెజవాడ పళ్ళ డాక్టరు చక్రపాణి గారి చేతిలో పడ్డాను. పొద్దస్తమానం జనానికి కట్టుడు పళ్ళు పెట్టే ఈ మహానుభావుడు నాకు మాత్రం ఒక్క బయటి పార్టు కూడా పెట్టనివ్వడు. పాత కార్ల ప్రదర్శనలో "అంతా ఒరిజినలే" అని చెప్పుకోవాలి కదా! ఆ మాట వింటే నాకూ ఒళ్ళు పొంగేది.

మొన్న దసరాకి ఆయుధపూజ చేశారు. డాక్టరు గారి భార్య హైమవతి గారు నన్ను కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, నా మూతికి అడ్డంగా బొద్దుగా బంతిపూల దండ కట్టారు. పూజలో కట్టిన పూలని ఎవరూ విప్పలేదు. ఆ దండతోనే తెనాలి బయలుదేరాం. మూతి మూసేస్తే నాకు గాలెక్కడిది? రేడియేటరు సలసలా కాగింది. పెట్రోలు పైపులోనే ఆవిరైపోయింది. రైలు గేటు దాటుతూ సరిగ్గా పట్టాల మీద ఆగిపోయాను.

డాక్టరు గారు తాళం తిప్పారు, తిప్పారు. గురక తప్ప నాలోంచి ఏమీ రాలేదు. గేటుమనిషి ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట పరిగెత్తాడు. దూరంగా కూత వినిపించింది. డాక్టరు గారు తన వైపు తలుపు తీసుకుని దిగి నన్ను తోయసాగారు. హైమవతి గారి వైపు గడియ బిగుసుకుపోయింది. గేరు కడ్డీ దాటి ఇటు రాబోతే చీర చిక్కుకుంది. ఆవిడ ఆ తలుపుని గుద్దుతూనే ఉన్నారు. గేటు దగ్గర ఆగిన జనం వచ్చి నన్ను అవతలికి తోసేశారు. రైలు చాలా దూరంలోనే ఆగిపోయిందట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం లోపలున్న ఆవిడకీ నాకూ పై ప్రాణాలు పైనే పోయాయి.

నన్ను ఆటోనగర్‌కి, మెకానిక్ మస్తాన్ వలీ షెడ్డుకి లాక్కెళ్ళారు. వలీ రేడియేటరులోంచి బంతి రేకులు గుప్పెడు తీశాడు. "పూలు సార్, పూలు! గాలాడక ఉడికిపోయింది పాపం."

"చూశావా హైమా! కారు తప్పేం లేదు," అన్నారు డాక్టరు గారు.

"లేకపోవడమేంటి సార్? పంపు పాతది, వైర్లు పాతవి. ఇవాళ పూలు, రేపు ఇంకోటి. కొత్త ఇంజను దించుతా. ఒక్క దెబ్బకి స్టార్టవుద్ది. ఆపైన మీ ఇష్టం."

కొత్త ఇంజనట! నా పాతదాన్ని ఎత్తే గొలుసు అప్పటికే నా నెత్తిన వేలాడుతోంది. దాన్ని చూస్తేనే నాకు చెమటలు పట్టాయి. ఇంజను తీసేస్తే ఇంక నేనెవర్ని?

"వద్దు వలీ. దండ కట్టకపోతే సరి," అన్నారు డాక్టరు గారు. హమ్మయ్య అనుకున్నాను.

హైమవతి గారు వలీ తీసిన రేకుల వంక చూశారు. "దండ కట్టింది నేనే. తప్పు నాదే అనుకోండి. కానీ మీ వైపు తలుపు తెరుచుకుంది, మీరు దిగారు. నేను లోపలే ఉన్నాను."

"తోయడానికేగా దిగాను?"

"తెలుసండీ. అయినా నేను లోపలే ఉన్నాను. కళ్ళు మూస్తే చాలు, ఆ గడియే లాగుతుంటాను."

ఆ షెడ్డులో భయపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. తలుపు గుద్ది గుద్ది కమిలిన ఆవిడ చేతులు చూశాక సిగ్గేసింది.

డాక్టరు గారు వెళ్ళి ఆవిడ వైపు గడియ లాగి చూశారు, అది కదల్లేదు. తర్వాత, "ఏది నమ్మకంగా నడుస్తుందో అది పెట్టు వలీ. ముందు ఆ తలుపు సంగతి చూడు," అన్నారు.

గొలుసు దిగింది. నా ఇంజను ఇప్పుడు షెడ్డు మూల గోనెపట్టా కింద ఉంది. ఒరిజినల్ అన్న మాటా పోయింది, నా గొంతూ పోయింది. ఇప్పుడు కుట్టుమిషనులా సన్నగా పలుకుతున్నాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

పని పూర్తయ్యాక ఇద్దరూ వచ్చారు. వలీ బానెట్ ఎత్తి కొత్త ఇంజను చూపించబోయాడు. హైమవతి గారు దాని వంక చూడనేలేదు. లోపల కూర్చుని తలుపు వేసుకున్నారు. తీశారు. మళ్ళీ వేసుకున్నారు, మళ్ళీ తీశారు. డాక్టరు గారు తాళం తిప్పబోతుంటే, "ఉండండి, ఇంకొక్కసారి," అన్నారు.

ఆవిడ లాగేలోపే తెరుచుకోవాలన్నంత తొందరగా ఉంది నాకు.