మూడో నంబరు గుడ్లు

వంటింటి బల్ల మీద ఆరు గుడ్లు వరసగా పెట్టి, కిటికీ తెర సగం లాగి, ఒనెజీమ్ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మూడు. తెర పూర్తిగా లాగాడు. ఇప్పుడు మూడున్నర అనుకోవచ్చు. పైన దుప్పటి కూడా కప్పితే నాలుగు వస్తుంది గానీ, ఆదివారం పోటీ జరిగే హాలు కిటికీలకు దుప్పట్లు కట్టమని ఎవరిని అడుగుతాడు?

గుడ్ల పక్కనే రంగుల అట్ట ఉంది. దాని మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా గడులు. ఒకటి అంటే మామూలు నాటుగుడ్డు. తొమ్మిది అంటే మాడబెట్టిన చక్కెర పాకం. నాలుగుకు తగ్గిన రంగు గుడ్డు పెట్టే కోడి మెడ మీద రాగి ఈకలు ఎంత మెరిసినా, కాళ్ళకు ఈకలు ఎంత ఒత్తుగా దిగినా, అది మరాన్ జాతి కోడి కాదు. కూరకు పనికొచ్చే కోడి. ఊరి పేరే జాతి పేరైన చోట ఈ మాట అనిపించుకోవడం ఎంత నామర్దానో వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఆదివారం నాలుగు రాకపోతే ఒనెజీమ్ పేరు పెంపకందార్ల సంఘం జాబితాలోంచి కొట్టేస్తారు. పేరు పోయిందంటే సంఘం కాలి రింగులు ఇవ్వదు. రింగు లేని పుంజుకు పోటీ లేదు, దాని సంతానానికి జాతి లేదు. నాయనమ్మ రోజుల నుంచి ఆ పెరట్లో నడుస్తున్న కోళ్ళన్నీ ఒక్క పూటలో అనామకం అయిపోతాయి.

ఇంత అన్యాయమైన నియమం ఎవడు పెట్టాడయ్యా అంటే, ఒనెజీమే పెట్టాడు.

పోయిన శీతాకాలం కాఫీ హోటల్లో సంఘం సమావేశం జరిగినప్పుడు ఉపాధ్యక్షుడి హోదాలో లేచి నిలబడి, జాతి పరువు గురించి పావుగంట మాట్లాడాడు. పదమూడో ఏట బడి మానేసి, ముప్పై తొమ్మిదేళ్ళు ధాన్యం గోదాములో బస్తాలు మోసినవాడు అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆ ప్రసంగమంతా ఒకే ఒక్క మనిషి మీద. ఎవ్రార్ అని, పారిస్‌లో మందుల దుకాణం అమ్మేసుకుని వచ్చి కాలువ ఒడ్డున ఇల్లు కొన్న పెద్దమనిషి. తెల్ల చేతి తొడుగులు వేసుకుని కోళ్ళగూడు ఊడుస్తాడు. ఏ గుడ్డు ఏ పెట్టదో తెలియడానికి, పెట్ట లోపలికి వెళ్ళగానే మూసుకుపోయే పెట్టెలు చేయించాడు. అప్పట్లో ఆయన గుడ్లు మూడో నంబరు. ఆయన్ని సాగనంపడానికే ఒనెజీమ్ నియమం తెచ్చాడు. అందరూ చేతులెత్తారు. ఎవ్రార్ కూడా మర్యాదగా చెయ్యెత్తాడు. పారిస్‌వాళ్ళ మర్యాద అలా ఉంటుంది, ఎక్కడ కొట్టాలో తెలియకుండా చేస్తుంది.

ఇక ఈ ఫిబ్రవరి నుంచి ఒనెజీమ్ తన కోళ్ళకు చేయని వైద్యం లేదు. ఎండు దురదగొంటాకు పెట్టాడు. ఓక్ చెట్టు బెరడు నానబెట్టి ఆ నీళ్ళు తాగించాడు. తాగే నీళ్ళలో తుప్పు మేకులు వేశాడు. కోళ్ళు మేకుల వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాయి. ఏ దేవుడి దయో గుడ్లు మాత్రం మూడు దగ్గరే నిలబడ్డాయి, ఇంకా తగ్గలేదు.

అలమార పైన పద్నాలుగు కప్పులున్నాయి. ఒకప్పుడు ఇవే కోళ్ళ తాతమ్మలు ఎనిమిదో నంబరు పెట్టేవి. మార్చిలో ఊళ్ళో పోటీ, తరువాత వరసగా లా రొషెల్, నియోర్, ఫోంతెనే. మే నెల దాకా ప్రతి ఆదివారం ఆయన ఒక పళ్ళెంలో ఆరు నల్లటి గుడ్లు పెట్టుకుని బయల్దేరేవాడు, వాటిలో ఏదో ఒక ఆదివారం సాయంత్రం కప్పుతో తిరిగొచ్చేవాడు. మరి ఎక్కడ పోయింది ఆ రంగు? దాణాలో మోసం ఉందని, వానల్లో ఏదో కలుస్తోందని, ఎవరో దిష్టి పెట్టారని ఆయన రోజుకో కారణం చొప్పున నమ్ముతూ వచ్చాడు.

పోటీకి అయిదు రోజుల ముందు ఎవ్రార్ వచ్చాడు. దడి బయటే ఆగి, టోపీ తీసి, మంచి పొదుగు కోడి ఏదైనా ఉంటే మూడు వారాలు అరువిస్తారా అని అడిగాడు. ఒనెజీమ్ ఉన్నా లేదన్నాడు. అప్పుడు ఎవ్రార్ చూపు వంటింటి గుమ్మంలోంచి బల్ల మీది గుడ్ల మీద పడింది. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం చూసి ఒనెజీమ్‌కు ఒళ్ళు మండింది. ఏదో ఒకటి అనండి మహాప్రభో అన్నాడు.

"ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి," అన్నాడు ఎవ్రార్. "పొదగెయ్యడానికి మీరు ఏ గుడ్లు తీస్తారు?"

"ఏవంటే? పోటీకి తీసినవి పోగా మిగిలినవి. పోటీ గుడ్లు ఎవడైనా పొదగేస్తాడా?"

"ఏటా అంతేనా?"

"మా నాయనమ్మ పోయాక, పాతికేళ్ళుగా అంతే."

ఎవ్రార్ టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డాడు. తరువాత, రోగం పేరు చెప్పే ముందు డాక్టర్లు దించుకునే గొంతు ఉంటుందే, ఆ గొంతుతో అన్నాడు. "అంటే మెస్యూ ఒనెజీమ్, పాతికేళ్ళుగా మీరు బాగా నల్లవన్నీ ఏరి పోటీవాళ్ళకిచ్చి, వెలిసిపోయినవి ఏరి కోడి కింద పెట్టారు."

మొత్తం విషయం అంతే. చంటిపిల్లాడికి కూడా అర్థమయ్యేంత చిన్న విషయం. చేపల వలలో మంచి చేపలు దొరికినంత కాలం వల చిరిగిందేమో అని ఎవడూ చూడడు, ఒనెజీమ్ కూడా చూడలేదు. కప్పు వచ్చినప్పుడల్లా వచ్చే ఏటి పిల్లలు ఒక రవ్వ వెలిసి పుట్టాయి. పద్నాలుగు కప్పులు, పద్నాలుగు రవ్వలు.

ఆ కోపంలో, మీ గుడ్లు మాత్రం మూడే కదా అని ఎవ్రార్‌ను దెప్పాడు. ఎవ్రార్ కాస్త సిగ్గుపడుతూ, నిరుటి వేసవిలో జెలీ అవ్వ దగ్గర గుడ్లు తీసుకుని పొదగేశానని, ఆ పెట్టలు ఇప్పుడు ఏడో నంబరు పెడుతున్నాయని చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జెలీ అవ్వ అంటే పోటీ రోజున వంట చేసే మనిషి. ఎనభైకి రెండేళ్ళు తక్కువ. మరాన్‌లో ఒక ఆచారం ఉంది. బహుమతులు పంచాక పళ్ళేల్లోని గుడ్లన్నీ వంటగదిలోకి వెళతాయి. పచ్చి వెల్లుల్లి కాడలు తరిగి వేసి పెద్ద ఆమ్లెట్ వేస్తారు. సంఘం పెద్దలు దాన్ని తిని, పినో వైను తాగి, మన గుడ్డు రుచి ఏ గుడ్డుకు వస్తుందని ఒకరికొకరు చెప్పుకుంటారు. పాతికేళ్ళుగా ఆ పెనం జెలీ అవ్వదే.

మర్నాడు పొద్దున్నే ఒనెజీమ్ ఆవిడ పెరట్లో నిలబడ్డాడు. నల్లటి పెట్టలు, మెడకు రాగి రంగు, కాళ్ళకు ఈకలు. ఒక్కదానికీ రింగు లేదు. గూట్లో చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీశాడు. అట్ట అక్కర్లేకపోయింది. ఎనిమిది.

ఎక్కడివని అడిగాడు. అవ్వ చిక్కుళ్ళు వలుస్తూనే, తలెత్తకుండా చెప్పింది.

"నీవేరా. నీవి, ఆ అధ్యక్షుడివి, ఇంకా పోయినవాళ్ళవి. అంత రంగున్న గుడ్డును పెనం మీద పగలగొట్టడానికి నాకు చేతులు రాలేదు. బుట్టలో వేసుకొచ్చి కోడి కింద పెట్టుకున్నాను."

"మరి ఆమ్లెట్?"

"సంతలో తెల్లగుడ్లు కొని వేశాను. ఏ ఏడైనా సంతలో దొరక్కపోతే బాతుగుడ్లు. లోపల అన్నీ పచ్చగానే ఉంటాయి కదరా."

ఆ ఆమ్లెట్ ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, మరాన్ గుడ్డు సొనలో అక్రోటు కాయ వాసన ఉంటుందని ఉపన్యాసం ఇచ్చింది ఒనెజీమే. అధ్యక్షుడు అల్సీద్ ఆ మాటను సంఘం పత్రికలో కూడా వేయించాడు.

ఆరు గుడ్లు ఇమ్మని అడిగాడు. ఎందుకని ఆవిడ అడిగితే ఆదివారం పళ్ళెంలోకని నిజమే చెప్పాడు. అవి తన కోళ్ళ సంతానమే కాబట్టి ఇందులో దొంగతనం లేదని, ఉన్నా చిన్నదని, వివరంగా చెప్పుకొచ్చాడు. అవ్వ అంతా విని, ఒళ్ళోని తొక్కలు దులుపుకుని లేచింది.

"ఆరే ఇస్తాను. ఇప్పుడు సగం పెట్టలు పొదుగుకు కూర్చున్నాయి, ఇంతకంటే లేవు. పళ్ళెంలో పెడితే ఆ అల్సీదు ఒకటి పగలగొట్టి చూస్తాడు, మిగతా అయిదూ హాల్లో ఈ ఏడే పెట్టిన కొత్త పొయ్యి పక్కన పొద్దుటి నుంచీ ఉడుకుతాయి. అటు తరువాత వాటిని ఏ కోడి కింద పెట్టినా రాళ్ళే. నీ పేరు కావాలో పిల్లలు కావాలో చూసుకో. మళ్ళీ నా దగ్గరికి వచ్చి ఏడవకు."

ఒనెజీమ్ ఆ ఆరింటినీ టోపీలో పెట్టుకుని కాలువ గట్టు వెంట ఇంటికి నడిచాడు. దారిలో పడవ కట్టే రేవు దగ్గర రెండుసార్లు ఆగాడు. మొదటిసారి ఆగినప్పుడు పళ్ళెంలో పెడదామని గట్టిగా నిర్ణయించుకున్నాడు. రెండోసారి ఆగినప్పుడు కూడా అదే నిర్ణయం. ఇల్లు చేరాక, లేదని ఎవ్రార్‌కు చెప్పిన పొదుగు కోడి మూలగూట్లో కూర్చుని ఉంది. అది ఈయన వంక చూసింది. మనుషుల మీద దానికి ఉన్న అభిప్రాయం ఆ చూపులో తెలిసింది. ఒనెజీమ్ దాని కింద ఉన్న వెలిసిన గుడ్లు తీసేసి, ఒక్కొక్కటిగా ఆరు నల్లవి పెట్టాడు. పెట్టేటప్పుడు తిట్టుకుంటూనే పెట్టాడు, కోడిని కాదు.

ఆదివారం హాలు నిండిపోయింది. మూడో నంబరు గుడ్లు ఆరు పళ్ళెంలో పెట్టి ఒనెజీమ్ తన పేరున్న చీటీ పక్కన నిలబడ్డాడు. ఎదురు బల్ల మీద ఎవ్రార్ పళ్ళెం. దాన్ని చూడకుండా ఉండటానికి ఆయన పైకప్పు దూలాలు లెక్కపెట్టాడు.

అధ్యక్షుడు అల్సీద్ విత్తనాల వ్యాపారి. ఎవరితోనూ తగాదా పెట్టుకోకపోవడమే ఆయన జీవితాశయం. అట్ట పట్టుకుని వచ్చి, గుడ్ల పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఉపాధ్యక్షుడి పేరు కొట్టేయడమంటే ఎంత గొడవ, ఎన్ని సంతకాలు, మధ్యాహ్నం భోజనం ఎంత ఆలస్యం. అల్సీద్ గొంతు తగ్గించి, ఇక్కడ వెలుతురు సరిగా లేదు, కిటికీ దూరం, నాలుగు అనుకుందాంలే అన్నాడు. పక్కనున్న కార్యదర్శి కలం తీసి నాలుగు రాయబోయాడు కూడా.

బతికిపోయాడు. తల ఊపితే చాలు. పేరు ఉంటుంది, రింగులు ఉంటాయి. అల్సీద్ కళ్ళలో జాలి కనపడకుండా ఉంటే ఒనెజీమ్ ఊపేవాడేమో. పదమూడో ఏట గోదాములో మొదటి బస్తా మోసిన రోజున మేస్త్రీ కళ్ళలో ఇలాంటి జాలినే చూశాడు. ఆ బస్తా ఆయన దించలేదు.

"మూడు," అన్నాడు. "రాయండి."

"ఒరేయ్ ఒనెజీమ్, నోరు మూసుకో," అన్నాడు అల్సీద్ పళ్ళ సందులోంచి. "నేను చూసుకుంటానంటున్నాగా."

"నువ్వు చూసింది చాల్లే. నియమం నేను పెట్టాను, ఏ వెలుతురులో చూడాలో కూడా అందులో రాయించాను. మూడు."

కార్యదర్శి మూడు రాశాడు. నియమం ప్రకారం కొట్టేసిన పేరును ఉపాధ్యక్షుడే పైకి చదవాలి. ఇది కూడా ఒనెజీమ్ ఆలోచనే, ఎవ్రార్ పేరు తన నోటితో చదవాలని ముచ్చటపడి పెట్టుకున్నది. బల్ల ఎక్కి, కాగితం తీసుకుని, తన పేరు తనే చదివాడు. ఇంటిపేరుతో సహా, తడబడకుండా. తరువాత దిగి, కోటు వేసుకుని, భోజనానికి ఉండమని ఎవరూ బలవంతం చేయకముందే బయటపడ్డాడు.

ఆరింటిలో నాలుగు పిల్లలయ్యాయి. ఆరు వారాలు గడిచి, నెత్తిన జుట్టు ఎర్రబడి ఏది ఏమిటో తెలిసేసరికి, నాలుగింటిలో మూడు పుంజులు. పెట్ట ఒక్కటే. తన అదృష్టం గురించి ఒనెజీమ్‌కు ముందు నుంచీ మంచి అంచనానే ఉంది కాబట్టి ఆశ్చర్యపోలేదు. పుంజు గుడ్డు పెట్టదు. దాని రక్తంలో ఎనిమిది ఉందో మూడు ఉందో దాని కూతుళ్ళు పెట్టే దాకా ఎవడికీ తెలియదు. ఈ లెక్కన పెరడంతా మళ్ళీ ఆ రంగు పెట్టేసరికి తనకు అరవై దాటేలా ఉంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఎవ్రార్ మళ్ళీ దడి దగ్గరికి వచ్చాడు. ఈసారి చేతి తొడుగులు లేవు. చేతి మీద గోరు గీతలున్నాయి. తన పుంజును నక్క ఎత్తుకుపోయిందట. ఏడో నంబరు పెట్టలు పదకొండున్నాయి, వాటికి మగదిక్కు లేదు. జెలీ అవ్వ దగ్గర అడిగితే, పుంజులన్నీ కూరలోకి పోయాయని, ఒనెజీమ్ దగ్గర మూడు ఊరికే తిరుగుతున్నాయని చెప్పిందట. ఒక పుంజు ఇస్తే బదులుగా నాలుగు పెట్టలిస్తానన్నాడు.

ఒనెజీమ్ దాణా గిన్నె కింద పెట్టి, గింజలు చల్లి, మూడు పుంజులూ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటుంటే తీరిగ్గా చూశాడు. నాలుగు పెట్టలు. ఏడో నంబరువి. ఆశ ఈ మనిషికి కనపడనివ్వడం ఇష్టం లేక ఇంకో గుప్పెడు గింజలు చల్లాడు.

"నావి రింగు లేని పుంజులు," అన్నాడు చివరికి. "వీటి పిల్లలు మీ సంఘంలో చెల్లవు. నియమం ఉంది."

"చెల్లవు," అన్నాడు ఎవ్రార్. "పెట్టల్ని ఎప్పుడు తీసుకురమ్మంటారు?"